గీతల్లేని వేళ్లు, పగిలిన అద్దం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషి రిటైరై ఉండాలని, తల నెరిసి ఉండాలని, కనీసం మోకాళ్లయినా నొప్పెట్టాలని ఒక అభిప్రాయం ఉంది. నాకింకా ముప్పై నిండలేదు. అయినా ఇప్పటికే రెండు ఉద్యోగాల నుంచి రిటైరయ్యాను. ఒక్కచోటా శాలువా కప్పలేదు. అందులో రెండోది, హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఫోరెన్సిక్ సైన్సు చెప్పడం. మొదటి ఉద్యోగంలో చేరబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదివి "దీనివల్ల మాకేం ఉపయోగం అక్కా" అనవచ్చు. ఉపయోగానికి నేను హామీ ఇవ్వలేను. జరిగింది చెప్తాను, అంతే.

నా చదువు గురించి ముందు ఒక మాట. ఫోరెన్సిక్ అనగానే "శవాలు కోస్తవా?" అని అడుగుతారు. కోయను. వేలిముద్రలు, సంతకాలు, అద్దం ముక్కలు, మట్టి, వెంట్రుకలు, ఇలా మనుషులు వెనక వదిలేసి పోయేవాటిని చూసే చదువు అది. మా నాన్నకు వరంగల్‌లో స్టీలు సామాను దుకాణం. వచ్చిన ప్రతి గిరాకీ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీద ఐదు వేళ్లూ అచ్చు వేసి, "మళ్లొస్త సేటూ" అని పోతాడు. నాన్న గుడ్డతో తుడిచి మళ్లీ పేరుస్తాడు. జీవితమంతా ఆయన వేలిముద్రలు తుడిచాడు, నేను వాటిని వెతికే చదువు చదివాను. ఇందులో వింత ఉందని ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తోచలేదు.

ల్యాబులో ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడేదాకా ఖాళీగా ఉండకూడదని, స్కూళ్లకు టీచర్లనూ కిట్టు పెట్టెలనూ కలిపి పంపే ఒక సంస్థలో చేరాను. వాళ్లు నన్నూ ఒక పెట్టెనూ ఈ స్కూలుకు పంపారు. స్కూలు ఓనరును అక్కడ అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. ఆయనే ఇంటర్వ్యూ చేశాడు.

"సీఐడీ లెక్క చెప్తవా అమ్మా?"

"సైన్సు లెక్క చెప్తాను సార్."

"గదే, గదే. జర సీఐడీ లెక్క గూడ ఉండాలె. పేరెంట్సుకు సమజ్ గావాలె గద."

వారం తిరగకుండానే గేటు మీద ఫ్లెక్సీ లేచింది. అందులో నేను తెల్లకోటు వేసుకుని, భోజనం పళ్లెమంత భూతద్దం పట్టుకుని, అస్థిపంజరం పక్కన నవ్వుతూ నిలబడ్డాను. కిట్టులో ఉన్న భూతద్దం రూపాయి బిళ్లంత. కోటు నాది కాదు, అస్థిపంజరం ఎవరిదో తెలీదు. కింద "జిల్లాలోనే మొట్టమొదటిసారిగా" అని పెద్ద అక్షరాలు. మొట్టమొదటిసారిగా ఏమిటో రాయలేదు.

నాకు శనివారం చివరి రెండు పీరియడ్లు ఇచ్చారు. అవి అంతకుముందు ఫిజిక్సు సారువి. స్టాఫ్‌రూములో అందరికన్నా పెద్దాయన, నెమ్మదస్థుడు. నేను మొహమాటపడుతూ ఉంటే, "తీస్కోండి మేడం. శనివారం ఆ టైంకు న్యూటన్ వచ్చి చెప్పినా ఇనరు" అన్నాడు.

నేను రావడంతోనే క్లాసుకు పోలీసు స్టేషను కళ వచ్చేసింది. ముందు బెంచీలో ఒక కానిస్టేబుల్ గారబ్బాయి ఉన్నాడు. మొదటిరోజే లేచి "మా డాడీ డిపార్ట్‌మెంట్ మేడం" అని చెప్పి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వాణ్ని అందరూ ఎస్సై అన్నారు. తండ్రి ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రమోషన్ కొడుక్కి ఒక్క పూటలో వచ్చింది. వాడి పక్క వరుసలో కళ్లద్దాల పిల్ల. నేనేం చెప్పినా "ఎట్ల తెలుసు మేడం?" అనేది. మంచి ప్రశ్నే. పూటకు ఇరవైసార్లు వింటే మాత్రం మంచి ప్రశ్న అనిపించదు.

వెనక నుంచి రెండో బెంచీలో ఆయమ్మ కూతురు కూర్చునేది. ఆయమ్మ అంటే స్కూలు ఊడ్చి, బెంచీలు తుడిచి, చిన్నపిల్లల ముక్కులు కూడా తుడిచే మనిషి. ఆమె అక్కడ పనిచేసినంతకాలం కూతురికి ఫీజు లేదు. అంటే తల్లి పని, కూతురి చదువు ఒకే మేకుకు తగిలించిన రెండు సంచులు. మేకు ఊడితే రెండూ కిందపడతాయి. ఇది స్కూల్లో అందరికీ తెలుసు. ఆ పిల్లకు అందరికంటే బాగా తెలుసు.

మొదటి పాఠం వేలిముద్రలు. ఇంకు ప్యాడు మీద వేలు అద్ది, తెల్ల కార్డు మీద పది వేళ్లూ ఒత్తాలి. పిల్లలకు పండగ. కార్డుల మీద కన్నా యూనిఫారాల మీద ఎక్కువ ముద్రలు పడ్డాయి. ఆయమ్మ కూతురి కార్డు మాత్రం విచిత్రంగా వచ్చింది. పది గళ్లలో పది నల్ల మచ్చలు. పెన్సిలు గీతల మీద రబ్బరు రుద్దినట్టు, ఒక్క గీతా తేలలేదు.

"మెల్లగా ఒత్తు" అన్నాను. అంతే వచ్చింది. "గట్టిగా ఒత్తు" అన్నాను. ఇంకొంచెం నల్లగా అంతే వచ్చింది.

"మిర్చి వల్ల మేడం" అంది. ఏమీ సిగ్గుపడలేదు. తల్లిని అవ్వ అంటుంది. "ఆదివారం, సెలవులల్ల అవ్వతోని కోల్డ్ స్టోరేజీ కాడికి పోత. ఎండుమిర్చికి తొడిమెలు తీస్తం. మా అవ్వయి గూడ గింతే. రేషన్ షాపుల మిషన్ తీస్కోదు. పది వేళ్లు వెట్టినా తీస్కోదు. డీలరేమో 'ఇంకో వేలు లేదానమ్మా' అంటడు."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వించడానికే చెప్పింది. అప్పుడు ఎస్సై లేచాడు. "మేడం, అయితే ఇది దొంగతనం జేసినా దొరకది!"

"దొంగతనమే జేస్తె ఫస్టు నీ టిఫిన్ డబ్బనే మాయమైతది, సూస్కో" అందామె తల ఎత్తకుండానే.

మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. తోలు అరిగితే గీతలు అణిగిపోతాయని, చేతికి విశ్రాంతి దొరికితే మళ్లీ తేలతాయని చెప్పి, కార్డులన్నీ గోడకున్న చార్టు మీద అతికించి ఇంటికి పోయాం. గాజు మీద నల్లపొడి వేసి, టేపుతో ముద్ర లేపడం తర్వాతి శనివారం నేర్పాను.

స్కూల్లో ఇంకో ముఖ్యమైన వ్యక్తి ఉంది. అది అద్దాల బీరువా. కరస్పాండెంట్ సార్ కొత్తగా చేయించి, షీల్డులన్నీ అందులో పెట్టించి, తొమ్మిదో తరగతి ఎదురుగా వరండాలో నిలబెట్టాడు. తల్లిదండ్రులు ఎవరొచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకుపోయేవాడు. ఆయమ్మ దాన్ని రోజూ తుడవాలి. షీల్డుల్లో సగం ఎందుకు వచ్చాయో ఎవరికీ గుర్తులేదు, కానీ మెరిసేవి.

ఒక బుధవారం మధ్యాహ్నం కరస్పాండెంట్ సార్ ఫోన్. గొంతులో పెళ్లి సందడి.

"అమ్మా, నీ పిల్లలు కేసు పట్టిండ్రు! జల్ది రా."

ఆటోలో వచ్చాను. వరండాలో స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండు చున్నీలు కట్టి ఉన్నాయి, ఎవరూ లోపలికి రాకుండా. ఎస్సై కాపలా. బీరువా ఎడమ తలుపు అద్దం కింది మూల నుంచి పైదాకా పగిలి ఉంది. రాలిపోలేదు, పగులు మాత్రం ఏటవాలుగా పాకింది. అద్దం నిండా మా కిట్టులోని నల్లపొడి. నేల మీద చాక్‌పీసుతో ఒక మనిషి ఆకారం కూడా గీశారు.

"ఇది ఎందుకురా? ఎవరూ చచ్చిపోలేదు కదా?"

"సీన్ కద మేడం" అన్నాడు ఎస్సై.

కళ్లద్దాల పిల్ల వివరించింది. పొద్దున బడికి వచ్చేసరికే అద్దం పగిలి ఉంది. ఎవరో గుద్దారని సార్ అరిచాడు. వెంటనే వీళ్లు రంగంలోకి దిగారు. "ఫస్టు ఎవ్వర్ని ముట్టనియ్యలే మేడం. ఫొటోలు తీసినం. బ్రష్‌తోని పౌడర్ వేసినం. టేపుతోని లేపినం. గోడ మీది కార్డులు ఒక్కొక్కటి పక్కన వెట్టి చూసినం." అన్నీ నేను చెప్పినట్టే, ఒక్క అడుగూ తప్పకుండా. నా ప్రాక్టికల్ పరీక్షలో నేనింత శుభ్రంగా చేయలేదు.

"ఏం దొరికింది?"

పగులు పక్కన నాలుగు వేళ్ల గుర్తు ఒకటి ఉంది. అందులో గీతలు లేవు. పొడి వేస్తే నున్నటి మచ్చలుగా తేలింది. క్లాసు మొత్తంలో గీతలు లేని కార్డు ఒక్కటే.

"కేస్ క్లోజ్ మేడం" అన్నాడు ఎస్సై.

ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నాకు ఆ పిల్లల మీద కోపం రాదు. అందులో కుట్ర లేదు. ఎవరికీ ఆ అమ్మాయితో గొడవ లేదు. ముందురోజు దాకా ఆమె పచ్చడి వీళ్లు తిన్నారు, వీళ్ల జామెట్రీ బాక్సు ఆమె వాడింది. ఉన్న రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక గీత గీసి, ఎంతో నిజాయితీగా ఒక మనిషిని పట్టుకున్నారు. నాకు భయం వేసింది ఆ నిజాయితీని చూసే.

"ఆమె ఏది?"

"ఆఫీసుల. ఆయమ్మను గూడ పిలిచిండ్రు."

ఆఫీసు గదిలో కరస్పాండెంట్ సార్ కుర్చీలో, ఆయమ్మ ఎదురుగా నిలబడి. చేతిలో చీపురు అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో తోచనట్టు. కూతురు నేల మీది టైల్సు చూస్తోంది.

"నిన్న బీరువ తుడిచింది ఎవలు?"

"నేనే సారు."

"అప్పుడు అద్దం మంచిగుండెనా?"

"మంచిగనే ఉండె సారు."

"ఇయ్యాల పగిలింది. నీ బిడ్డ చెయ్యి అండ్ల పడ్డది. సైన్సు చెప్తాంది, నేను గాదు. ఇంకేం గావాలె?"

ఆయమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "చిన్నపొల్ల సారు. తెల్వక జేసి ఉంటది. మాఫ్ జెయ్యుర్రి. బడికెంచి మాత్రం తియ్యకుర్రి."

"అవ్వా! నేను పలగ్గొట్టలే."

"నువ్వు సప్పుడు జెయ్యకు."

కూతురు చేయని తప్పును తల్లి అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందో ఆ గదిలో అర్థం కానివాళ్లు లేరు. వాదిస్తే బడి పోతుంది, కాళ్లు పట్టుకుంటే ఉండొచ్చు. కాకపోతే సార్ అప్పటికే లెక్క తేల్చేశాడు. కూతురికి టీసీ, తల్లికి నెలాఖరు దాకా గడువు. అంతేకాదు, పేరెంట్స్ గ్రూపులో పెట్టడానికి మేటర్ కూడా టైపు చేసి ఉంచాడు. మా విద్యార్థులే శాస్త్రీయంగా నేరస్తురాలిని పట్టుకున్నారని.

అప్పుడా పిల్ల నావైపు చూసింది. ఏడవడం లేదు. "మేడం, అందరియి గోడ మీద ఉన్నయి. గీతలున్నోళ్లు 'ఇగో, నాయి గిట్లుంటయి, అది నాది గాదు' అని చూపెట్టుకోవచ్చు. నేనేం చూపెట్టాలె?"

నాలుగేళ్ల చదువులో ఆ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. కాబట్టి ఆ సమయానికి నాకు చేతనైన పని చేశాను. నాటకం.

"సార్, రిపోర్టు లేకుండా గ్రూపులో పెడితే ఎట్లా? సీఐడీలో కూడా రిపోర్టు వచ్చేదాకా ఆగుతారు. రేపు మధ్యాహ్నానికి రాసిస్తాను. స్టాంపు వేసి పెట్టుకోండి."

స్టాంపు అనే మాట పనిచేసింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

స్టాఫ్‌రూముకు వచ్చి కూర్చున్నాను. ఫిజిక్సు సార్ చాయ్ నావైపు జరిపాడు.

"ఏం రాస్తరు మేడం?"

"తెలీదు సార్. ఆ అమ్మాయి మంచిది, ఆ పని చేయదు అని రాయలేను. అది సాక్ష్యం కాదు."

"ఆ మచ్చ సాక్ష్యమా మరి?"

"అదీ కాదు. కానీ దాన్ని కాదని చెప్పాల్సింది నేను కాదు, వాళ్లే. నేను చెప్తే మేడం దాన్ని వెనకేసుకొచ్చిందంటారు. సీటు ఉంటుంది గానీ, ఆ పేరు కూడా ఉంటుంది."

ఆయన తన చాయ్ తాగడం పూర్తిచేశాడు. "అద్దం చూసిన్రా?"

"చూశాను. పొడి నిండా..."

"పొడి గాదు, పగులు. పొద్దటిసంది అందరు వేళ్లే చూస్తాండ్రు. పగిలింది అద్దం గద మేడం."

నిజమే. కిట్టులో అద్దం గురించిన పాఠం నాలుగోది. మేమింకా మొదటిదాని దగ్గరే ఉన్నాం. పిల్లలకు చూడ్డం వచ్చింది వేలిముద్రలొక్కటే, కాబట్టి వాళ్లకు కనపడిందీ అదొక్కటే. ఆ సాయంత్రం మేమిద్దరం ఫోను లైటు వేసుకుని ఆ పగులును కింది నుంచి పైదాకా చూశాం. ఆయన "రేపు వాళ్లతోనే చూపియ్యుర్రి" అని బస్సుకు పోయాడు.

గురువారం ఆయన తన పీరియడ్ నాకిచ్చేశాడు. క్లాసులోకి పోయి, కేసు మళ్లీ తెరుస్తున్నామన్నాను. ఎస్సై ముఖం మాడింది. "మా డాడీ వాళ్లు ఒకసారి క్లోజ్ జేస్తె మళ్ల తెర్వరు మేడం." మీ డాడీని అడిగి నాకూ నేర్పమన్నాను. ఆయమ్మ కూతురు తన బెంచీలోనే ఉంది. పక్కన కూర్చునే అమ్మాయి ముందు బెంచీకి మారింది.

"అందరూ కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టండి. కానీ ఒక్కొక్కరు ఒక్కోలాగా." కొందరు చాక్‌పీసు పొడి రాసుకుని పెట్టారు. కొందరు కుళాయి దగ్గర తడుపుకొచ్చారు. కొందరు ఒత్తి జరిపారు. ఒకడు డబ్బాలోని పులిహోర నూనెతో పెట్టాడు. అడిగితే ప్రయోగం అన్నాడు, తినడం కూడా కనిపించింది. తర్వాత పొడి వేశాం. కిటికీ నిండా మచ్చలు. సగానికి పైగా వాటిలో గీతలు లేవు.

కళ్లద్దాల పిల్ల తన మచ్చ ముందు నిలబడిపోయింది. "మేడం, నాది గూడ గీతలు లేకుంటనే వచ్చింది."

"అయితే బీరువా అద్దం నువ్వు పగలగొట్టావా?"

"నేనేం పలగ్గొట్టలే!" గట్టిగా అరిచింది.

"ఎట్లా తెలుసు?" అన్నాను.

ఆ ప్రశ్న నేను ఆమెను అడగడం అదే మొదటిసారి. వెనక నుంచి రెండో బెంచీలో ఒక తల లేచింది.

ఆ బెంచీ దగ్గరికి పోయాను. "నీ వేళ్లు ఇంకోసారి తీస్తాను. నీకిష్టమైతేనే. లేకుంటే లేదు."

అరచెయ్యి యూనిఫారానికి తుడుచుకుంది. చెయ్యి చాపింది.

ఈసారి ఇంకు ప్యాడు మీద అద్దించలేదు. గాజు పలక మీద చుక్క ఇంకు వేసి, పలచగా పరిచి, వేలిని దాని మీద, తర్వాత కార్డు మీద మెల్లగా దొర్లించాను. అరిగిన వేళ్లకు అదీ పద్ధతి. గీతలు అక్కడక్కడే తేలాయి. కానీ వాటికి అడ్డంగా, నిలువుగా సన్నటి తెల్లని చారలు లెక్కలేనన్ని పడ్డాయి. ఎండిన తోలు మడతలు అవి. చూపుడు వేలిమీద పాత గాటు ఒకటి, కొడవలిదట. నాలుగు వేళ్లలో ఒకదానిలా ఇంకొకటి లేదు.

కళ్లద్దాల పిల్ల బీరువా మీది మచ్చ అతికించిన టేపు తెచ్చి పక్కన పెట్టింది. రూపాయి బిళ్లంత భూతద్దం అందరి చేతులూ తిరిగింది. టేపు మీది మచ్చలో ఒక్క చారా లేదు. గాటూ లేదు. అది ఎవరిదైనా కావచ్చు, ఈ చేతిదే అనడానికి మాత్రం అందులో ఏమీ లేదు.

చివరికి భూతద్దం ఆమె దగ్గరికే వచ్చింది. తన కార్డు మీద పెట్టి చూసుకుంది. "నాయి గిన్ని ఉన్నయా మేడం?"

"ఉన్నాయి. మొన్న ఇంకు ఎక్కువై మునిగిపోయాయి."

తర్వాత అందరం వరండాలోకి వచ్చాం. "అద్దాన్ని ఎవరైనా గుద్దితే దెబ్బ తగిలిన చోటు ఉంటుంది. అక్కడ నలిగి పొడి అవుతుంది, చుట్టూ సాలెగూడులా పగుళ్లు పోతాయి. వెతకండి."

వెతికారు. లేదు. పగులు మొదలైంది అద్దం మధ్యలో కాదు, కింది అంచున. అంచు మీద ఇనప పట్టీ ఉంది, తలుపు తిరగడానికి బిగించింది. పట్టీకీ అద్దానికీ మధ్య రబ్బరు లేదు. స్క్రూ నేరుగా అద్దం మీద కూర్చుంది. ఫిజిక్సు సార్ ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి అన్నాడు, "మధ్యాహ్నం ఈడ ఎండ కొడ్తది. అద్దం సాగుతది, రాత్రికి ముడుసుకుంటది. కదలనీయకుంట పట్టుకుంటె ఏమైతది?" ఇరవై గొంతులు ఒకేసారి జవాబు చెప్పాయి. శనివారం కాకపోతే ఆయన పాఠం కూడా వింటారన్నమాట.

ఎస్సైకి మాత్రం మింగుడు పడలేదు. "అయితే ఎవలు పలగ్గొట్టిండ్రు మేడం?"

"ఎవరూ కాదు. బిగింపు."

"గట్లెట్ల? కేసన్నంక దొంగ ఉండాలె గద!"

వాడి బాధ నాకు అర్థమైంది. చిన్నా పెద్దా అందరం అలాగే పెరిగాం. పగిలిందంటే ఒక చెయ్యి కావాలి. స్క్రూ మీద ఎవరం కోపం తెచ్చుకుంటాం?

"మరి ఈ మచ్చ ఎవల్ది?" అంది కళ్లద్దాల పిల్ల, టేపు చూపించి.

"తెలీదు."

"రిపోర్టుల తెల్వదు అని రాయొచ్చా?"

"రాయాలి. తెలియనప్పుడు అదొక్కటే నిజం."

ఆమె నమ్మలేదు. పాపం, ఆమెకు వచ్చిన ఏ పరీక్షలోనూ "తెలియదు" అని రాస్తే మార్కులు పడలేదు.

రిపోర్టు కరస్పాండెంట్ సార్ బల్ల మీద పెట్టాను. ఒక పేజీ. రెండుసార్లు చదివాడు. ఎదురుగా ఆయమ్మ, ఈసారి చీపురు లేకుండా.

"ఎవ్వరు గాదు అంటె గ్రూపుల ఏం పెట్టాలమ్మా?"

న్యాయం, విచారణ, అమాయకురాలు లాంటి మాటలతో ఒక చిన్న ఉపన్యాసం దారి పొడుగునా తయారుచేసుకున్నాను. ఆయన ముఖం చూసి దాన్ని మడిచి పెట్టేశాను. "సార్, పిల్ల పగలగొడితే కొత్త అద్దం మీరు వేయించుకోవాలి. బిగింపు తప్పయితే బిగించినవాడే వేయాలి."

ఆయన రిపోర్టును మూడోసారి చదివాడు. ఈసారి ఇష్టంగా.

"నేను ముందే అనుకున్న" అన్నాడు. "ఆ పొల్ల అసొంటిది గాదు." అని అద్దాల షాపతనికి ఫోన్ కలిపి, తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించాడు. షాపతను శుక్రవారం వచ్చి, బిగింపు కరెక్టేనని గంటసేపు వాదించి, ఏమీ ఎరగనట్టు రబ్బరు పెట్టి కొత్త అద్దం బిగించిపోయాడు.

ఆయమ్మ పని ఉంది. కూతురి సీటు ఉంది. బయటికొచ్చాక ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పానం గూట్లె వడ్డది బిడ్డా. గని ఆ బీరువ మాత్రం ఇగ నేను ముట్ట." ముట్టలేదు కూడా. ఆ తర్వాత అద్దాలు ఎలా మెరుస్తున్నాయా అని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు తొందరగా వస్తే, ఫిజిక్సు సార్ జేబురుమాలుతో తుడుస్తూ కనిపించాడు. నన్ను చూసి షీల్డులు చదువుతున్నట్టు నటించాడు.

ఆ శనివారం క్లాసులో క్షమాపణల కార్యక్రమం జరిగింది. కళ్లద్దాల పిల్ల తను కూర్చునే ముందు బెంచీలో చోటు ఇస్తానంది. ఎస్సై నేల చూస్తూ "సారీ" అని, అది సరిపోదనిపించి, ఆమెను తన టీములో హెడ్ కానిస్టేబుల్‌ను చేస్తానన్నాడు. "అక్కెర్లే, నువ్వే ఉండు" అందామె. క్లాసు నవ్వింది, ఆమె కూడా నవ్వింది. హమ్మయ్య, అంతా మామూలైపోయింది అనుకున్నాను.

పై శనివారం పీరియడ్‌కు ముందే స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"మేడం, నేను ఈ రెండు పీరియడ్లు ఖోఖోకు పోత. పీఈటీ సార్ను అడిగిన, రమ్మన్నడు."

"ఇప్పుడు నీమీద ఎవరికీ అనుమానం లేదు."

"తెలుసు మేడం."

ఉండమని చెప్పడానికి నాకు చాలా కారణాలు తోచాయి. అన్నీ నా వైపు కారణాలే. సరేనన్నాను.

మరుసటి ఏడాది స్కూలు వాళ్లకు రోబోటిక్స్ నచ్చింది. గేటు మీద ఫ్లెక్సీ మారింది. ఫొటో నాదే, భూతద్దం చోట రోబో పెట్టారు. నేను మాత్రం మడికొండలో ఒక కంపెనీకి మారాను. అక్కడ మనుషులు అప్‌లోడ్ చేసిన సంతకాలు నిజమైనవో కాదో రోజంతా చూస్తాను. తేలనివాటి పక్కన "తెలియదు" అని రాస్తాను. మేనేజరుకు అది నచ్చదు. ఆ కథ వేరు.

స్కూల్లో నా చివరి శనివారం క్లాసు ముగించి గ్రౌండు వైపు పోయాను. ఖోఖో జరుగుతోంది. ఎండలో దుమ్ము. ఆమె వరుసలోంచి లేచి, ఒక పొడుగాటి అమ్మాయిని తరిమి తరిమి, పడబోతూ చెయ్యి చాపి వీపు మీద కొట్టింది. అందరూ కేకలు పెట్టారు. రొప్పుతూ నా దగ్గరికి వచ్చి నీళ్ల సీసా ఎత్తింది.

"ఎట్లుంది?" అన్నాను.

"మంచిగుంది మేడం." మూతి తుడుచుకుంది. "ఈడ ముట్టుకుంటె అందరి ముంగట్నే ముట్టుకుంటం. ఔటా కాదా అక్కన్నే తేలిపోతది. రేపటిదాక ఆగే పనుండదు."

విజిల్ పడింది. సీసా నా చేతిలో పెట్టి పరుగెత్తింది. దాని మీద ఆమె వేళ్ల తడి ఉంది. నేను దాన్ని గట్టు మీద పెట్టి, ఆట చూశాను.